వెంట వెళ్ళేవారికీ ఒక దారి ఉంది

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన ఇళ్ళల్లో ఈమధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది. "మా అమ్మాయికి జర్మనీలో పిహెచ్.డి. చేసే అవకాశం వచ్చిందండీ" అని ఒకరంటే, "మా అల్లుడు అక్కడే పరిశోధన చేస్తున్నాడు, అమ్మాయి వచ్చే నెల బయలుదేరుతోంది" అని ఇంకొకరంటారు. వెంటనే మనం ఏమడుగుతాం? చలి ఎంత ఉంటుంది, కందిపప్పు దొరుకుతుందా, పచ్చళ్ళ సీసాలు విమానంలో రానిస్తారా అని. ఇవన్నీ అడగవలసినవే, కాదనను. అయితే పెట్టెలు సర్దేముందు అడగవలసిన ప్రశ్న మరొకటుంది. ఆ దేశంలో వాళ్ళకు స్థిరంగా ఉండే హక్కు ఎప్పటికి వస్తుంది? ఆ హక్కు పరిశోధన చేసే మనిషికేనా, వెంట వెళ్ళిన భార్యకో భర్తకో కూడా వస్తుందా?

ఈ సంగతి మగవాళ్ళు చూసుకుంటారులే అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే వెంట వెళ్ళేవారిలో ఎక్కువగా మన ఆడపిల్లలే ఉంటారు. డిగ్రీలు చదివి, ఉన్న ఉద్యోగం మానుకుని, భర్త వెంట వెళతారు. ఆ దేశపు చట్టం ఆమెకు ఏమిచ్చిందో ఆమెకు తెలియకపోతే, ఇచ్చి కూడా ఇవ్వనట్టే. అందుకే ఈవేళ ఈ విషయం నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

ముందు శాశ్వత నివాసం అంటే ఏమిటో చూద్దాం. దీనికి జర్మన్ భాషలో నీడర్‌లాసుంగ్స్‌ఎర్‌లౌబ్నిస్ అని ఒక నోరు తిరగని పేరుంది. మనం శాశ్వత నివాసానుమతి అనుకుందాం. మొదట వెళ్ళినప్పుడు ఇచ్చే అనుమతికి గడువు ఉంటుంది. అది ఏ పనికోసం వెళ్ళారో ఆ పనికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే అనుమతి కూడా ఊగిసలాడుతుంది. శాశ్వత అనుమతికి గడువు లేదు. ఉద్యోగం మారవచ్చు, మానవచ్చు, సొంతంగా వ్యాపారం పెట్టుకోవచ్చు. దీన్ని పౌరసత్వంతో కలిపి గందరగోళపడకండి. శాశ్వత నివాసం వచ్చినంత మాత్రాన మన పాస్‌పోర్టు వదులుకోనక్కరలేదు. భారతీయులుగానే ఉంటాం.

పరిశోధకులకు ఇది మరీ ముఖ్యం. జర్మనీ విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసరు కానివారికి ఉద్యోగాలు చాలావరకు రెండేళ్ళకో మూడేళ్ళకో రాసుకునే ఒప్పందాలే. 2007లో వచ్చిన చట్టం ప్రకారం, పిహెచ్.డి.కి ముందు ఆరేళ్ళు, తరవాత ఆరేళ్ళు ఇలా గడువు పెట్టి పనిలో ఉంచుకోవచ్చు. వైద్యరంగంలో అయితే తరవాతి కాలం తొమ్మిదేళ్ళు. ఉద్యోగమే నిలకడ లేనిదైనప్పుడు, కనీసం నివాసానికైనా నిలకడ ఉండాలి కదా!

ఇక అసలు లెక్కలోకి వద్దాం. ఒకే ప్రయోగశాలలో, పక్కపక్క బల్లల దగ్గర ఇద్దరు పనిచేస్తున్నారనుకోండి. ఇద్దరూ మనవాళ్ళే, చేసేదీ ఒకే రకం పరిశోధన. అయినా రెండేళ్ళు తిరిగేసరికి ఒకరికి శాశ్వత నివాసం వచ్చేస్తుంది, రెండోవారి లెక్క ఇంకా మొదలే కాదు. కారణం? ఒకరు జీతం మీద ఉన్నారు, రెండోవారు ఉపకార వేతనం మీద ఉన్నారు. మన ప్రావిడెంటు ఫండుకు కోసినట్టే, అక్కడ జీతంలోంచి ప్రతి నెలా పింఛను నిధికి కొంత కోస్తారు, యజమాని కొంత కలుపుతాడు. పరిశోధకుల శాశ్వత నివాసానికి ముఖ్యమైన కొలబద్ద ఈ పింఛను నిధికి కట్టిన నెలలే. ఉపకార వేతనం జీతం కాదు. దాని మీద పింఛను కోత ఉండదు కాబట్టి, ఆ నెలలు ఈ లెక్కలోకి రావు.

హంబోల్ట్ ఫౌండేషన్ ఫెలోషిప్పు వచ్చిందంటే ఎంతో గౌరవం. అలాగే డాడ్ సంస్థ ఇచ్చేదీను. కాని ఇవి ఉపకార వేతనాలని గుర్తుంచుకోవాలి. మాక్స్ ప్లాంక్ సంస్థ పిహెచ్.డి. చేసేవారికి ఉపకార వేతనం బదులు ఉద్యోగ ఒప్పందం ఇవ్వాలని 2015లో నిర్ణయించింది. గౌరవం వద్దనుకోమని నేను చెప్పడం లేదు. ఫెలోషిప్పు ఎన్నాళ్ళు, ఆ తరవాత జీతం ఒప్పందం ఉంటుందా అని ముందే అడిగి తెలుసుకోమంటున్నాను.

రెండో లెక్క, చేతిలో ఉన్న అనుమతి ఏ రకానిది అనేది. పిహెచ్.డి. చేసేవారు కొందరు విద్యార్థి అనుమతి మీద ఉంటారు, కొందరు పరిశోధకుల అనుమతి మీద ఉంటారు. జీతం సరిపోతే బ్లూ కార్డు మీద కూడా ఉండవచ్చు. ఈ మూడూ ఒకటి కావు.

విద్యార్థి అనుమతి మీద గడిపిన ఏళ్ళు పరిశోధకుల లెక్కలోకి రావు. ఐదేళ్ళ మామూలు లెక్కలో మాత్రం సగానికి సగం కలుపుతారు.

పరిశోధకుల అనుమతికి ఇంత జీతం ఉండి తీరాలన్న పట్టుదల లేదు. సంస్థతో ఆతిథ్య ఒప్పందం ఒకటి కుదరాలి. ఈ అనుమతి మీద మూడేళ్ళు గడిచి, 36 నెలలు పింఛను నిధికి కట్టి ఉంటే శాశ్వత నివాసానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఇదివరకు ఇది నాలుగేళ్ళు ఉండేది. ఇటీవలి చట్ట సవరణల్లో తగ్గించారు. జర్మనీలోనే డిగ్రీ పూర్తిచేసిన వారికి రెండేళ్ళు చాలు.

బ్లూ కార్డు 2012 నుంచి అక్కడ అమలులో ఉంది. దీనికి ఉద్యోగ ఒప్పందం, దానితో పాటు ప్రభుత్వం ఏటా ప్రకటించే కనీస జీతం ఉండాలి. పిహెచ్.డి. చేసేవారికి చాలాచోట్ల సగం జీతమో, మూడింట రెండు వంతుల జీతమో ఇస్తారు కాబట్టి అప్పుడు ఇది అందకపోవచ్చు. డాక్టరేటు పూర్తయ్యాక పూర్తి జీతం మీద చేరినవారికి మాత్రం సాధారణంగా అందుతుంది. దీని దారి దగ్గర దారి. ఏ1 అనే మొదటి మెట్టు జర్మన్ వస్తే 27 నెలలు. బి1 అనే మూడో మెట్టు వరకు నేర్చుకుంటే 21 నెలలు.

ఉదాహరణకు ఒక అమ్మాయి జనవరిలో బ్లూ కార్డు మీద ఉద్యోగంలో చేరిందనుకుందాం. బి1 పరీక్ష ప్యాసైతే మరుసటి సంవత్సరం అక్టోబరులో అర్జీ పెట్టవచ్చు. ఏ1తో ఆగిపోతే ఆ పై సంవత్సరం ఏప్రిల్ దాకా ఆగాలి. భాష నేర్చుకున్నందుకు ఆరు నెలలు కలిసివచ్చాయన్నమాట.

పరిశోధకుల అనుమతి మీద ఉన్నవారికైతే బి1 తప్పనిసరి. ప్రయోగశాలలో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు కదా అని భాషను వెనక్కి నెట్టేవాళ్ళు చాలామంది. చివరికి పింఛను నెలలన్నీ నిండి, పరీక్ష దగ్గర ఆగిపోతారు. ఇంకొక చిన్న పరీక్ష కూడా ఉంది. జర్మనీ చట్టాలు, చరిత్ర, సమాజం గురించి 33 ప్రశ్నలిస్తారు. శాశ్వత నివాసానికి 15 సరిగా రాస్తే చాలు. ప్రశ్నలన్నీ ముందుగానే ప్రచురించి ఉంటాయి కాబట్టి భయపడవలసింది లేదు. అర్జీ మాత్రం ఉద్యోగ ఒప్పందం గడువు ఇంకా మిగిలి ఉండగానే పెట్టుకోవడం మంచిది. రేపో మాపో ఒప్పందం ముగుస్తుందనగా వెళితే, జీవనాధారం ఏదని అడుగుతారు.

ఇప్పటిదాకా చెప్పింది పరిశోధన చేసేవారి సంగతి. ఇక వెంట వెళ్ళేవారి మాట. ఇది మీరు మనసుపెట్టి చదవాలని నా కోరిక.

ఇక్కడ భార్య అన్నా భర్త అన్నా చట్టానికి ఒకటే. పరిశోధన చేసేది మన అమ్మాయి, వెంట వెళ్ళేది అల్లుడు అయినా ఇవే నియమాలు. "భార్య ఉద్యోగానికి మొగుడు వెంట వెళ్ళడమేమిటి" అనే మాట మన బంధువుల్లో వినిపిస్తుందేమో గాని, అక్కడి కార్యాలయంలో వినిపించదు.

జర్మనీ వెళ్ళే భార్యాభర్తలకు సాధారణంగా ఏ1 జర్మన్ ముందే వచ్చి ఉండాలి. పరిశోధకుల అనుమతి, బ్లూ కార్డు ఉన్నవారి భాగస్వాములకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అక్కడ అడుగుపెట్టిన దగ్గరనుంచీ ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోనక్కరలేదు. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్న మన ఆడపిల్లలు ఎంతమంది పని చేసే అనుమతి కోసం ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నారో మీకు తెలుసు.

అటు తరవాత ఆమెకు శాశ్వత నివాసానికి మూడు దారులున్నాయి.

మొదటిది, ఇంటిపట్టున ఉన్న గృహిణి దారి. ఐదేళ్ళు అక్కడ అనుమతి మీద ఉండి, బి1 జర్మన్ నేర్చుకుని, ఇందాక చెప్పిన 33 ప్రశ్నల పరీక్ష ప్యాసైతే అర్జీ పెట్టుకోవచ్చు. మరి పింఛను నిధికి 60 నెలలు కట్టి ఉండాలి కదా, ఉద్యోగం చేయని ఆమె ఎక్కడినుంచి కడుతుంది? ఇక్కడే చట్టం ఒక మంచి మాట చెప్పింది. కలిసి కాపురం చేస్తున్న దంపతుల్లో ఒకరు కట్టి ఉంటే చాలు, అది ఇద్దరికీ సరిపోతుంది. అంటే భర్త కట్టిన నెలలు ఆమెకూ చెల్లుతాయి. ఇల్లు చూసుకోవడం, పిల్లల్ని పెంచడం ఆమెకు అడ్డు కాదు. కాని భాష మాత్రం ఎవరిది వారే నేర్చుకోవాలి. భర్తకు వచ్చిన జర్మన్ భార్యకు చెల్లదు!

రెండోది, కొంచెం పని చేసే ఆమె దారి. 2024 మార్చి నుంచి వచ్చింది ఇది. భర్తకు నిపుణుల కోటాలో శాశ్వత నివాసం వచ్చేసి ఉండి, భార్య వారానికి కనీసం 20 గంటలు పని చేస్తూ ఉంటే, ఆమెకు ఐదేళ్ళకు బదులు మూడేళ్ళు చాలు. బి1 భాష దీనికీ కావాలి. 20 గంటలంటే రోజుకు నాలుగు గంటలు. పిల్లలు బడికి వెళ్ళి వచ్చేలోగా చేసుకునే పని.

మూడోది, తన చదువు మీద తను నిలబడే దారి. ఇంజనీరింగో, ఎమ్మెస్సీయో చదివిన అమ్మాయి తన చదువుకు తగిన ఉద్యోగం దొరకబుచ్చుకుంటే, తన పేరు మీదే బ్లూ కార్డు తీసుకోవచ్చు. అప్పుడు ఆమెకూ 21 నెలల లెక్కే. ఇందుకు మన విశ్వవిద్యాలయం డిగ్రీని అక్కడ గుర్తిస్తారా లేదా అన్నది చూసుకోవాలి. అనాబిన్ అనే ప్రభుత్వ జాబితాలో ఇది తెలుస్తుంది. డాక్టర్లు, దంతవైద్యులు, నర్సులు మాత్రం విడిగా వృత్తి అనుమతి పొందాలి. దానికి భాష ఇంకా బాగా రావాలి, సమయమూ పడుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త చేదుగా ఉండవచ్చు. పెళ్ళిచేసి పంపే వేళ అశుభం పలకడమెందుకని మనం నోరు విప్పం. కాని తెలిసి ఉండటం మంచిది. భర్త అనుమతి మీద వెళ్ళిన అమ్మాయికి కాపురం సరిగా సాగకపోతే ఏమవుతుంది? "నన్ను కాదంటే రేపే నిన్ను ఇండియాకు పంపించేస్తాను" అని భయపెట్టే భర్తలు ఉంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. జర్మనీలో దంపతులుగా మూడేళ్ళు కలిసి ఉంటే, విడిపోయినా ఆమెకు సొంతంగా నివాసానుమతి ఇస్తారు. మొదట ఒక సంవత్సరానికి ఇస్తారు, తరవాత ఆమె సంపాదనను బట్టి పొడిగిస్తారు. మూడేళ్ళు నిండకపోయినా, ఇంట్లో హింస వంటి తీవ్రమైన కష్టం ఉంటే చట్టం ఆమెను కాపాడుతుంది. భర్త చనిపోయిన సందర్భంలోనూ మూడేళ్ళ నియమం అడ్డురాదు. హింసకు గురయ్యే స్త్రీల కోసం అక్కడ 116 016 అనే టెలిఫోను నంబరు ఉంది. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు, జర్మన్ రానివారితో వేరే భాషల్లోనూ మాట్లాడతారు. అమ్మాయి డైరీలో ఈ నంబరు రాసి ఉంచండి. అవసరం రాకపోతే అంతకంటే సంతోషం లేదు.

ఇక పురుడు సంగతి. మొదటి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తెచ్చుకోవాలని ఏ తల్లికి ఉండదు? ఐదో నెలలో తీసుకువచ్చి, పాపకు మూడో నెల వచ్చాక పంపుదామనుకుంటాం. నెలలు లెక్కపెట్టండి, ఏడు దాటిపోతాయి. జర్మనీ నుంచి బయటికి వచ్చి ఆరు నెలల్లోగా తిరిగి వెళ్ళకపోతే, మామూలుగా ఆ అనుమతి రద్దవుతుంది. శాశ్వత నివాసానికి కూడా ఇదే నియమం. బ్లూ కార్డు ఉన్నవారికీ వారి కుటుంబానికీ మాత్రం 12 నెలల దాకా వెసులుబాటు ఉంది. ఎక్కువకాలం ఉండవలసివస్తే, బయలుదేరకముందే అక్కడి విదేశీయుల కార్యాలయంలో అడిగి, రాతమూలకంగా అనుమతి తెచ్చుకోవాలి. జబ్బుగా ఉన్న అత్తగారిని చూసుకోవడానికి వచ్చినా ఇంతే. పైగా ఇక్కడ పుట్టిన పాపకు విడిగా వీసా కావాలి. ఇవన్నీ చూసుకుని, పురిటికి అమ్మాయి రావడమా, మనమే వెళ్ళడమా అన్నది నిర్ణయించుకోండి.

అక్కడే పుట్టిన పిల్లల విషయంలో మరొక మాట. తల్లిదండ్రుల్లో ఒకరు ఐదేళ్ళుగా చట్టబద్ధంగా జర్మనీలో నివసిస్తూ, శాశ్వత నివాసం కలిగి ఉంటే ఆ బిడ్డ పుట్టుకతోనే జర్మన్ పౌరుడవుతాడు. 2024 జూన్ దాకా ఇది ఎనిమిదేళ్ళు. పెద్దలకు కూడా పౌరసత్వం కోరే గడువు ఎనిమిది నుంచి ఐదేళ్ళకు అప్పుడే తగ్గింది. జర్మనీ రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటుంది గాని మన దేశం ఒప్పుకోదు. పెద్దలు ఆ దేశపు పౌరసత్వం తీసుకుంటే మనది పోతుంది. కనుక ఆ నిర్ణయం తొందరపడి చేసేది కాదు. శాశ్వత నివాసంతో ఆగినా నష్టం లేదు.

"మరి మమ్మల్ని కూడా తీసుకువెళతారా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. 2024 మార్చి 1 తరవాత మొదటిసారిగా ఇటువంటి అనుమతి పొందిన పరిశోధకులు, నిపుణులు తల్లిదండ్రులను రప్పించుకోవడానికి చట్టంలో చోటు కల్పించారు. కాని వాళ్ళ పోషణ ఖర్చు, ఆరోగ్య బీమా చూపించాలి. పెద్ద వయసులో అక్కడ బీమా దొరకడం తేలిక కాదు.

చివరగా, ఇక్కడ ఉండగానే చేసుకోవలసిన పనులు కొన్ని చెబుతాను.

పెళ్ళి రిజిస్టరు చేయించండి. శుభలేఖ, ఫొటోల ఆల్బము చాలవు. మన రాష్ట్రంలో పెళ్ళిళ్ళ నమోదు 2002 చట్టంతోనే తప్పనిసరి అయింది. ఆ సర్టిఫికెట్టులో, పాస్‌పోర్టులో, డిగ్రీ కాగితాల్లో పేరు ఒక్కలాగే ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పొట్టి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే అక్కడివారికి ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది.

అమ్మాయి సర్టిఫికెట్లన్నీ, మార్కుల జాబితాలతో సహా, ఆమెతోనే పంపండి. "ఉద్యోగం చేయదు కదా, బీరువాలో ఉండనీ" అనకండి.

జర్మన్ ఇక్కడే మొదలుపెట్టించండి. హైదరాబాదులో గోథె సెంటర్ వంటి చోట్ల నేర్పుతారు. పెళ్ళి కుదిరి, ప్రయాణం అయ్యేదాకా ఉండే నెలల్లో మొదటి మెట్టు ఎక్కవచ్చు. అక్కడికి వెళ్ళాక, ప్రభుత్వం కొంత ఖర్చు భరించి నడిపే సమైక్యతా శిక్షణ కూడా ఉంది. సాధారణంగా భాషకు 600 గంటలు, సమాజ పరిచయానికి 100 గంటలు ఉంటుంది. చంటిపిల్ల ఉందని వాయిదా వేస్తే ఏళ్ళు ఇట్టే గడిచిపోతాయి.

వెళ్ళాక ఒక ఫైలు పెట్టుకోవాలి. అనుమతి పత్రాల నకళ్ళు, ఇల్లు మారినప్పుడల్లా చేయించిన నమోదు, జీతం చీటీలు, పింఛను నిధి నుంచి వచ్చే లెక్క, భాషా పరీక్షల సర్టిఫికెట్లు ఆ ఫైల్లో ఉండాలి. ఇంటి పద్దు రాయడం మనకు చేతకానిది కాదు కదా! పాల లెక్క, చాకలి లెక్క రాసుకున్నట్టే ఏ నెల ఏ అనుమతి మీద గడిచిందో రాసుకోవాలి. నియమాలు అప్పుడప్పుడు మారుతూంటాయి కాబట్టి, ప్రతి ఏడూ ఒకసారి ఆ ఊరి విదేశీయుల కార్యాలయాన్నో, విశ్వవిద్యాలయంలో విదేశీ పరిశోధకుల కోసం ఉండే విభాగాన్నో అడిగి సరిచూసుకోవాలి.

ఈ ఫైలు భర్త పెట్టెలో ఒక్కటే ఉంటే చాలదు. భార్య కాగితాలు భార్య దగ్గర, ఆమె చేతికి అందేచోట ఉండాలి. పరాయిదేశంలో మన పిల్ల ధైర్యంగా నిలబడటానికి మనమిచ్చే సారెలో, పసుపు కుంకుమలతో పాటు, ఈ నాలుగు విషయాలు కూడా చేర్చి పంపండి.